ఎండలో ఆరని చీర

ప్రొద్దుటూరు ఎండ ఎరగనివాళ్లకు ముందుగా ఒక మాట. మే నెలలో అక్కడ తడిబట్టను బకెట్‌లోంచి తీసి తీగె దాకా మోసుకుపోయేలోపే సగం ఆరిపోతుంది. మిగిలిన సగం క్లిప్పు పెట్టేలోపు ఆరుతుంది. తలకు పోసుకుని బయటికొచ్చిన ఒకాయన తువ్వాలు వెతుక్కునేలోపు జుట్టు పొడిపొడిగా ఆరిపోయి, అసలు స్నానం చేశానా లేదా అని అనుమానం వచ్చి మళ్లీ లోపలికి పోయాడని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, సుశీలమ్మ పెరటి తీగె మీద ఒక తెల్లచీర శనివారం నుంచి ఆరకుండా వేలాడుతోంది.

సుశీలమ్మది తెల్లబట్టల పని. పెళ్లి కాకముందే జమ్మలమడుగులో ఒక మిషన్ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో చేరింది. సగం జీవితం అక్కడే గడిచింది. మొగుడు పోయాక ప్రొద్దుటూరు వచ్చి, ఇంటి వెనకగదిలో సొంతంగా పని పెట్టుకుంది. పాస్టర్ల అంగీలు, క్వయర్ పిల్లల గౌన్లు, రంజానుకు జుబ్బాలు, నాయకుల ఖద్దరు చొక్కాలు, అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. నాయకుల చొక్కాల మీది మరకలు ఎక్కడివని ఆమె అడగదు, వాళ్లు చెప్పరు. మరక మాత్రం పోతుంది.

ఆ గదిని చూడాలి. కళ్లకు గంతలు కట్టి లోపలికి తోసినా సుశీలమ్మ చెయ్యి ఏ వస్తువు మీదికి పోవాలో దాని మీదికే పోతుంది. గుమ్మం పక్కన ఉతికే బండ, దాని పైన గోడమేకుకు కొబ్బరిపీచు బ్రష్షు. మూల నీళ్లు పిండే మిషను. కింది అరలో సబ్బుకడ్డీలు, చాకలి సోడా, నానబెట్టిన కుంకుడుకాయల ముంత. మధ్య అరలో తుప్పు మరకలకు నిమ్మకాయలు, ఉప్పు. పై అరలో నీలిమందు సీసా, గంజిపొడి డబ్బా. నీలిమందు సీసాను ఆమె తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఒక చుక్క ఎక్కువైతే పాస్టరు అంగీ పోలీసు చొక్కా అవుతుందని ఆమె భయం. కిటికీ దగ్గర రెండు బుట్టల్లో క్లిప్పులు: ఒకదాంట్లో ప్లాస్టిక్‌వి, రెండోదాంట్లో చెక్కవి.

అన్నిటికన్నా విలువైనది కిటికీ మీద చిన్న సీసాలో ఉండేది. నల్లజీడి గింజలు. గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట లోపలి మూల గుర్తు పెడతారు. ఇంటికొక గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా, ఎన్ని సోడాలు పోసినా ఆ నలుపు పోదు. ఏ గుర్తు ఏ ఇంటిదో సుశీలమ్మ తలలోనే ఉంటుంది. ఆసుపత్రిలో ఆమెకు పని నేర్పిన ముసలామె ఒక నియమం కూడా చెప్పింది. ఒక ఇంటి గుర్తు మూసేయాలంటే ఆ ఇంటి ఆఖరి బట్టను గుమ్మంలో చేతికివ్వాలి. తీసుకున్నవాళ్లు “ముట్టింది” అనాలి. ఆ మాట వినేదాకా గుర్తు బతికే ఉంటుంది. బతికున్న గుర్తును ఇంకో ఇంటికి ఇవ్వకూడదు.

పులివెందుల నుంచి జెస్సికా వచ్చి పాతచీర ఒకటి చేతిలో పెట్టిన రోజు సుశీలమ్మకు ఈ నియమం గుర్తురాలేదు.

జెస్సికా నర్సు పని చేస్తుంది. గురువారం ఆ అమ్మాయి పెళ్లి. వెండిజరీ అంచు తెల్ల నూలుచీర అది, వాళ్లమ్మ పెళ్లిచీర. తల్లి పోయి చాలా కాలమైంది. చీర పెట్టెలో పడి పండుటాకులా పచ్చబడింది.

“పెద్దమ్మా, దీన్ని తెల్లగ చేసిస్తావా? బాడుగ గౌను మాట్లాడుకోమంటాండారు అందరూ. నేను అమ్మ చీరలోనే చర్చిలో నిలబడాల.”

“నిలబడతావులే. బుధవారం సాయంత్రం వచ్చి తీసకపో,” అని సుశీలమ్మ మాటిచ్చింది.

చీర ఫాల్ గుడ్డ మీద గుర్తు పెట్టింది. పైన అడ్డగీత, కింద రెండు చుక్కలు. కుంకుడు రసంలో నానబెట్టింది, ఉతికింది, నీలిమందు చూపించింది, గంజి పెట్టింది. చీర మల్లెపూవైంది. ఎండలో వేసింది. మధ్యాహ్నం పోయి చూస్తే ఇంకా కారుతోంది.

పక్కింటి ఖమర్‌బీ ఇస్త్రీ పని చేస్తుంది. సుశీలమ్మ ఉతికితే ఆమె రుద్దుతుంది. ఆ ఇద్దరికీ రోజూ వాదం, రోజూ టీ.

“ఏందక్కా, పిండకుండానే యేసినావా? ముసలిదానివైపోయినావు.”

“నా రెట్టలు చూడు, పిండీ పిండీ పడిపోయినాయి. నువ్వు పిండు, సూస్తా.”

ఖమర్‌బీ పిండింది. తర్వాత మిషనులో వేసి తిప్పింది. గొట్టంలోంచి నీళ్లు బకెట్ నిండి పొర్లాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. నీళ్లు వృథా ఎందుకని ఆమె వాటిని కరివేపాకు చెట్టుకు పోసింది. సాయంత్రానికి చెట్టు మొదట్లో సన్నటి ఏటి ఇసుక పేరుకుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టి చూసింది. గదంతా ఆవిరి కమ్మి ఒకరికొకరు కనిపించలేదు. ఆవిరి పోయాక చూస్తే చీర అంతే తడిగా ఉంది.

“అక్కా, ఆ పిల్ల వాళ్లమ్మ ఏడుస్తాందేమో.”

“కూతురు పెండ్లికి ఏ తల్లి ఏడుస్తాది? నోరుముయ్యి.”

నోరు మూయించింది కానీ, సుశీలమ్మ వీపు మీద చల్లగా ఏదో పాకింది. ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆ తీగె కింద మాత్రం నీడ లేకుండానే చల్లగా ఉంది. ఏరు పొంగినప్పుడు గట్టు మీద నిలబడితే తగిలే గాలి అది.

సోమవారం ఉదయం ఇంకొకటి చూసింది. చీరకు పెట్టిన ప్లాస్టిక్ క్లిప్పులన్నీ నేల మీద పడి ఉన్నాయి. చెక్కవి మాత్రం పెట్టినచోటే ఉన్నాయి. గాలేమో అనుకుని ప్లాస్టిక్‌వి మళ్లీ పెట్టింది. ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటే నోరు తెరుచుకుని టప్పుటప్పున కింద పడ్డాయి. ఎవరో విసుగ్గా తీసి పారేస్తున్నట్టు.

చెక్క క్లిప్పులు కావాలని పట్టుబట్టిన మనిషి ఆమె ఎరిగినంతలో ఒక్కడే.

జమ్మలమడుగు పాల్ రాజు సార్. పెన్న అవతల పల్లెలో బడిపంతులు. ఒక్కటే మంచి తెల్లచొక్కా, దాని మీద ప్రాణం. మెడ గుండీ దాకా పెట్టుకుంటేనే ఆయనకు ఊపిరాడేది. “సుశీలమ్మా, ఇంకో రకం క్లిప్పు నా చొక్కా భుజాన కనపడిందంటే నేను ఊరుకోను, చెప్తాండా,” అని ప్రతిసారీ హెచ్చరించేవాడు. చెక్క క్లిప్పుల బుట్ట ఆయన కోసం కొన్నదే. ఆయన గుర్తు పైన అడ్డగీత, కింద రెండు చుక్కలు.

రెండేళ్ల కిందటి వానల్లో సార్ ఏటి మీది చప్టా దాటుతుంటే మోపెడ్‌తో సహా పెన్న లాక్కుపోయింది. శవం దొరికిన రోజు చొక్కా సుశీలమ్మ గదిలో ఇస్త్రీ అయి సిద్ధంగా ఉంది. దారిలో వంకలు పొంగి బస్సులు ఆగిపోయాయి. సమాధి చేసేటప్పుడు ఆయనకు బావమరిది చొక్కా తొడిగారని, మెడ దగ్గర వదులుగా వేలాడిందని ఆమె తర్వాత విన్నది. ఆ మాట విన్నాక చొక్కా తీసుకుపోయి ఏమని ఇవ్వాలో తెలియలేదు. నీలం కాగితంలో చుట్టి గంజిపొడి డబ్బా వెనక పెట్టింది. మొన్న జెస్సికా చీరకు గుర్తు పెట్టేటప్పుడు, ఖాళీగా ఉన్న తేలికైన గుర్తు కదా అని సూది ఆ దారినే పోయింది.

సంగతంతా వినగానే ఖమర్‌బీ కత్తెర తెచ్చి ఫాల్ గుడ్డను కుట్లు విప్పి తీసేసింది. కొత్త గుడ్డ వేసి కుట్టింది. మంగళవారం తెల్లారి చూస్తే కొత్త గుడ్డ మీద నల్లగా అడ్డగీత, కింద రెండు చుక్కలు. సూదిని ఎవరూ ముట్టలేదు.

ఖమర్‌బీ మూడుసార్లు బిస్మిల్లా అంది. “అక్కా, ఆయన వచ్చింది చీర కోసం కాదు. ఆయన సొత్తు ఆయనకిచ్చేసి రా. ఈడ నేను చూసుకుంటా.”

“సార్ పెండ్లాం ప్రశాంతి మొగం ఎట్ల చూసేది? మొగుడిని ఇంకొకడి చొక్కాలో పంపించింది నా వల్లనే గదా.”

“ఆ పిల్ల పెండ్లి ఎల్లుండి. నీ మొగం సంగతి తర్వాత చూద్దాంలే, పో.”

సుశీలమ్మ చొక్కాను నీలం కాగితంలోంచి తీసి, మళ్లీ ఇస్త్రీ చేయించి, అదే కాగితంలో చుట్టి, నాలుగు చెక్క క్లిప్పులు సంచిలో వేసుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. కూర్చోబోయిన ఒకతను సీటు తడిమి, “ఎవురో నీళ్లు పోసినారే,” అని నిలబడే వచ్చాడు.

పాల్ రాజు సార్ భార్య ప్రశాంతి గుమ్మంలో నిలబడి నీలం కాగితాన్ని చూసింది. లోపల ఏముందో అడగలేదు. సుశీలమ్మ నోటికి వచ్చిన నాలుగు ముక్కలు చెప్పింది. చెప్పలేనివి కళ్లనీళ్లుగా పోయాయి.

“ఇన్నాళ్లకు తెచ్చినావా అక్కా,” అంది ప్రశాంతి. కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. “కలలోకి వచ్చినప్పుడంతా మెడ దగ్గర చెయ్యి పెట్టుకునే ఉంటాడు. ఏంది సార్ అంటే చెప్పడు. వదులుగా ఉండాదని నాకు తెలుస్తాది గదా. ఇయ్యి.”

“ముందు ఆయన ఇంటి తీగె మీద వేయనీ,” అంది సుశీలమ్మ.

ఇద్దరూ పెరట్లోకి పోయారు. మిట్టమధ్యాహ్నం. సుశీలమ్మ పొడిచొక్కాను తీగె మీద పరిచి నాలుగు చెక్క క్లిప్పులు పెట్టింది. మెడ గుండీ పెట్టలేదు. అది పెట్టేది ఎప్పుడూ ఆయనే.

చొక్కా అంచు నుంచి ఒక చుక్క రాలింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే చొక్కా ఏట్లోంచి లాగి తీసినట్టు బరువెక్కి, తీగెను కిందికి వంచి, ధారగా కారసాగింది. ప్రశాంతి దోసిలి పట్టింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వాటిలో సన్నటి ఇసుక. పెన్న వాసన పెరడంతా నిండిపోయింది. ఆమె ఆ నీళ్లను కింద పోయలేదు, ముఖానికి అద్దుకుంది.

అప్పుడే సుశీలమ్మ ఫోన్ మోగింది.

“అక్కా!” ఖమర్‌బీ కేకలు. “వంగిన తీగె పైకి లేసింది! చీర ఆరిపోయింది! పట్టుకుంటే అప్పడం మాదిరి గలగలమంటాంది!”

చొక్కా నుంచి కారడం ఆగింది. గాలి లేదు. చొక్కా చేతులు మెల్లగా ఒకసారి మెడ దాకా ముడుచుకుని మళ్లీ వాలాయి. చొక్కా ఎండకు తెల్లబడుతూ ఆరిపోయింది. మెడ గుండీ పెట్టి ఉంది.

ప్రశాంతి తీగె దగ్గరికి పోయి ఆ గుండీని వేలితో తాకింది. “ముట్టింది,” అంది. సుశీలమ్మతో అన్నదో, ఇంకెవరితో అన్నదో.

గురువారం పులివెందుల చర్చిలో కరెంటు పోయింది. పాస్టరు గడ్డం మీంచి చెమట బైబిలు మీద పడింది. పెళ్లికొడుకు కోటు విప్పేస్తానని తల్లిని బతిమాలుకున్నాడు. వచ్చినవాళ్లంతా పాటల పుస్తకాలతో విసురుకున్నారు. జెస్సికా నుదుటి మీద మాత్రం ఒక్క చుక్క చెమట లేదు.

చీర కుచ్చిళ్లు సరిచేయడానికి సుశీలమ్మ వంగినప్పుడు ఆ అమ్మాయి చెవిలో చెప్పింది. “పెద్దమ్మా, ఏం గంజి పెట్టినావు? ఏటి గట్టున నిలబడినట్టుండాది.”

సుశీలమ్మ అంచు తిప్పి చూసింది. ఫాల్ గుడ్డ తెల్లగా ఉంది. గుర్తు లేదు. నల్లజీడి రసం పోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“మాటలాడొద్దు, ముందుకు చూడు,” అంది. కుచ్చిళ్లు వదిలి లేచి, వెనక వరుసలోకి పోయి కూర్చుంది. పక్కన కొంత చోటు వదిలే కూర్చుంది.