కొమ్మలాయన కూతురి దరఖాస్తు

మొన్న ఆదివారం మధురానగర్‌లోని మా ఇంటికి తమ్ముడి కూతురు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. సహజ వనరుల పరిరక్షణలో ఎమ్మెస్సీ చేస్తుందట, నాలుగు విశ్వవిద్యాలయాల్లో ఏది మంచిదో నన్ను చెప్పమంది. ఎక్కడ అడవిలో తిప్పుతారు, ఎక్కడ క్లాసులో కూర్చోబెట్టి అడవి బొమ్మలు చూపిస్తారు, చదివాక ఎక్కడ ఉద్యోగం దొరుకుతుంది, అన్నీ గళ్ళు గీసి రాసుకుంది; మా కాలంలో పెళ్ళి సంబంధాలకు కూడా ఇంత వాకబు చేయలేదు. నాకు తోచింది చెప్పాను. ఆ తర్వాత, ఈ చదువు మీద మనసెలా పోయిందో దరఖాస్తుతోపాటు ఒక పేజీ రాయాలంటూ, తను రాసుకున్నది చదివి వినిపించింది. మొదటి వాక్యంలోనే మా నాయన ఉన్నాడు. సినిమా సెట్లకు కొమ్మలు కొట్టి ఇచ్చిన మనిషి మనవరాలినని గొప్పగా రాసుకుంది పిల్ల. టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అలాంటి దరఖాస్తులోనే, సరిగ్గా అలాంటి చోటే, నేను మా నాయనను దాచేశాను.

మీలో నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఫిల్మ్ నగర్ అంటే బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి స్టూడియో గోడలు. జూబ్లీ హిల్స్‌లో ఇళ్ళకంటే రాతిగుండ్లే ఎక్కువ. మేము ఒక గుట్ట కింద రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. తెర మీద హీరోయిన్ పూలతోటలో పరుగెత్తుతుంటే మీరంతా ఆవిడను చూసేవారు కదా, నేను మాత్రం వెనక చెట్లను చూసేదాన్ని, ఎందుకంటే వాటిలో సగం మా నాయన పొద్దున కొట్టుకొచ్చి నేలలో గుచ్చినవి. స్టూడియోల్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ కొమ్మలాయనే. అక్షరం ముక్క రాకపోయినా, లైట్ల వేడికి ఏ ఆకు ఎంతసేపు నిలుస్తుందో ఆయనకు చేతిగీతలంత బాగా తెలుసు. "చింతకొమ్మను నమ్మొద్దు బిడ్డా, కొట్టిన గంటకే ముడుచుకుంటది. వేప భోజనాల దాక. కానుగైతే పొద్దు గూకేదాక ఫికర్ లేదు," అనేవాడు.

సెలవుల్లో నేనూ లారీ ఎక్కేదాన్ని. నా చిన్నప్పుడు ఇంటి వెనక గుట్ట మీదే కావలసినంత పచ్చదనం దొరికేది. నేను హైస్కూలుకు వచ్చేసరికి లారీ గండిపేట దాకా పోవలసి వచ్చింది, డిగ్రీకి వచ్చేసరికి వికారాబాద్ దారి పట్టింది. దారి ఎందుకు అలా పెరుగుతోందో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు, కొట్టింది మేమే కదా. మేమొక్కరమే అని కాదు. బండలు పేల్చి బంగళాలు కట్టినవాళ్ళు మాకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాళ్ళే. అయినా మా లారీ సంగతి నాకు తెలుసు.

బీఎస్సీ అయ్యాక రెండు దారులు కనిపించాయి. ఒకటి రసాయన శాస్త్రం. మోతీనగర్‌లో ఉండే, ఒక ఆఫీసులో గుమాస్తా అయిన మా మేనమామ, అది చదివితే మందుల కంపెనీలో ఉద్యోగం ఖాయమని తేల్చి చెప్పాడు. రెండోది ఆ ఏడే కొత్తగా పెట్టిన సహజ వనరుల పరిరక్షణ, దానితో ఏ ఉద్యోగం వస్తుందో పెట్టినవాళ్ళకే తెలియదు. నేను రెండోదానికే వెళ్తానన్నాను. మా అమ్మ బియ్యం చెరుగుతూ ఆగి, "చెట్లను కాపాడేతందుకు కూడ చదువుంటదా? వాటిని కొట్టే గదనే నీకు బువ్వ పెట్టినం," అంది. ఆమె ఎత్తిపొడవలేదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంది.

దరఖాస్తులో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంది. పరిరక్షణ చదవబోయే పిల్ల అక్కడ ఏమని రాయాలి? గంటసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి నర్సరీ యజమాని అని రాశాను. ఇంటర్వ్యూలో ప్రొఫెసరుగారు, గోదావరి వైపు పెద్దమనిషి, ఈ కోర్సే ఎందుకని అడిగితే పుస్తకంలోది అప్పజెప్పాను. ఆయన మర్యాదగా విని, కాగితం చూసి ముఖం వికసించి, "మీ నాన్నగారికి నర్సరీ ఉందాండీ? మా పిల్లలకు చూపించడానికి నర్సరీ లేక ఇబ్బందిగా ఉంది. ఆదివారం పొద్దున్నే వచ్చి చూస్తాను," అన్నారు. సీట్ల జాబితా ఆ తర్వాతి వారం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను. అమ్మ నాయనకు చెప్పింది. ఆయన తిడతాడనుకున్నాను, కనీసం నా పని చెప్పుకోవడానికి నీకంత నామోషీనా అని అడుగుతాడనుకున్నాను. బీడీ ఆర్పి, "ఎన్నడొస్తడట ఆ సారు?" అని మాత్రం అడిగాడు.

శనివారం సాయంత్రం లారీ వచ్చి ఇంటి పక్క ఖాళీ జాగాలో ఆగింది. మా నాయన తనకు తెలిసిన పని చేశాడు. సెట్టు వేశాడు. స్టూడియో నుంచి అడిగి తెచ్చిన కుండీలు, పాత డబ్బాలు వరసగా పేర్చి, మట్టి నింపి, వేప, నేరేడు, కానుగ కొమ్మల్ని మొక్కలంత ఎత్తుకు నరికి గుచ్చాడు. ముందు వరస ఒత్తుగా, వెనక పలచగా. అన్నీ కొత్తగా ఉంటే అనుమానం వస్తుందని డబ్బాలకు బురద పూశాడు, నిజం నర్సరీలో పురుగు కొట్టకుండా ఉంటుందా అని అక్కడక్కడా ఆకులకు బొక్కలు చేశాడు. నేను నీళ్ళు పోశాను. ఇప్పుడు చెబితే సిగ్గేస్తుంది గానీ, ఆ సాయంత్రం నాకు చాలా సంతోషంగా ఉండింది.

ఆదివారం ప్రొఫెసరుగారు రాలేదు. సోమవారం నాయనకు షూటింగు, లారీ దానికే పోయింది. మంగళవారం పొద్దున, ఏదో బంధువుల ఇంట్లో కార్యం వల్ల ఆగిపోయానని నొచ్చుకుంటూ ఆయన స్కూటర్ దిగారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, మా సంగతి రెండు రోజులకే తెలిసింది. వేప తల వేలాడేసింది, నేరేడు ఆకు గలగలలాడుతోంది, కానుగ ఒక్కటే మొహమాటానికి నిలబడినట్టు నిలబడింది. నీళ్ళు చాలలేదేమో అంటూ ఆయన ఒక మొక్కను కదిపితే అది చేతిలోకి వచ్చేసింది. కింద వేళ్ళు లేవు, కత్తివేటు ఉంది.

అప్పుడు మా నాయన తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "సారూ, నర్సరీ లేదు గిర్సరీ లేదు. కొమ్మలు కొట్టి సెట్లకిస్త నేను. నా పని చెప్పనీకె సిగ్గువడి బిడ్డ గట్ల రాసింది. ఈ కుండీలన్ని నేనే పెట్టిన, తప్పు నాది. సీటు ఇయ్యకుంటే ఇయ్యకుండ్రి గని, అబద్ధాలకోరని మాత్రం రాయకుండ్రి."

ప్రొఫెసరుగారు కొమ్మను తిప్పి తిప్పి చూశారు. తర్వాత ఒక ఖాళీ కుండీని బోర్లించుకుని కూర్చుని, ఇవన్నీ వాడిపోయి ఈ కానుగ ఒక్కటే ఎలా నిలిచిందని మా నాయననే అడిగారు. ఆయన మొదలుపెట్టాడంటే రెండు గంటలు ఆపలేదు. ఏ గుట్ట మీద ఏ చెట్టు ఎప్పటిదాకా ఉండేది, ఏ కొమ్మ ఎక్కడ కొడితే మళ్ళీ చిగురేస్తుంది, ఏది ఇక లేవదు, లారీ ఏ ఏడు ఎంత దూరం పోయింది, అంతా చెప్పాడు. ప్రొఫెసరుగారు జేబులోని కాగితాలు అయిపోతే సిగరెట్టు పెట్టె చింపి దాని మీద రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు నా వైపు తిరిగి, "ఈ కోర్సు ఎందుకమ్మా అంటే పుస్తకం చదివావు. ఇది చెప్పలేదేం?" అన్నారు. మర్నాడు ఆఫీసుకు పిలిపించి ఆ గడి నా చేతే దిద్దించారు. సెట్లకు కొమ్మలు కొట్టి ఇచ్చుట అని రాశాను. సీటు వచ్చింది, ఆ చదువే నాకు బతుకంతా అన్నం పెట్టింది.

కథ అక్కడితో ఆగితే నేనూ తమ్ముడి కూతురిలా గొప్పగానే చెప్పుకునేదాన్ని. నేను ఎమ్మెస్సీలో చేరిన రోజు నుంచి మా నాయన గొడ్డలి తీసేముందు నన్ను అడగడం మొదలుపెట్టాడు. "ఫలానా కాడ మోదుగ ఉన్నది, కొట్టొచ్చునా బిడ్డా?" అని. ఏ కొమ్మ మళ్ళీ చిగురిస్తుందో నాకు నేర్పిన మనిషి నన్ను అడిగేవాడు, నేనేమో పరీక్షలకు చదివిన తెలివితో అవుననో కాదనో తీర్పు చెప్పేదాన్ని. జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా కట్టేచోట పెద్ద కానుగ చెట్టును ఎలాగూ పడగొడతారట, కొమ్మలన్నీ తీసుకుపొమ్మన్నారట. అడిగాడు. వద్దన్నాను. ఆయన ఆ పని వదులుకున్నాడు, చెట్టును మర్నాడు వేరేవాళ్ళు పడగొట్టి అక్కడే తగలబెట్టారు. ఆ సంగతి ఆయన నాతో అనలేదు, అమ్మ అంది.

ఆయన అడిగింది చెట్ల కోసమని చాలా ఏళ్ళు అనుకున్నాను. కూతురు ఇంకెప్పుడూ ఎక్కడా తన పని దాచుకోవలసిన అవసరం రాకూడదని అడిగాడని, ఆయన పోయాక గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. ఇప్పుడు సెట్ల మీద ప్లాస్టిక్ ఆకులు, లేదంటే కంప్యూటర్లో గీసిన అడవులు. ఎన్ని రోజులైనా వాడవు. గుట్టలన్నీ మేడలయ్యాయి. చెట్టు కొట్టాలంటే కాగితం మీద అనుమతి కావాలి, ఉద్యోగంలో అలాంటి కాగితాల మీద నేనే ఎన్నో సంతకాలు పెట్టాను, కొట్టొద్దని ఎన్నో తిప్పి పంపాను. అడిగినవాళ్ళలో ఒక్కరికీ ఆ చెట్టు పేరు తెలియదు. అలాంటి ప్రతి కాగితం ముందూ మా నాయన తువ్వాలు చేత పట్టుకుని నిలబడ్డట్టే ఉండేది, నువ్వే చెప్పు నాయనా అనాలనిపించేది. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.