బుడాపెస్ట్‌లో ఇచ్చేసిన బియ్యం

మొన్న మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్‌లో మా అమ్మాయి యూరప్ ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, పాస్‌పోర్టు దాచి నడుముకు కట్టుకునే సంచీ ఒకటి తెచ్చి చూపించింది. "బియ్యంలో దాచుకోవే, ఇంకా భద్రం" అన్నాను. "మమ్మీ, నాట్ దట్ స్టోరీ అగైన్!" అంది. సోఫాలో కూర్చున్న వాళ్ల నాన్న పకపకా నవ్వారు. నవ్వడానికి ఆయనకు పూర్తి హక్కుంది.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త. తారీఖు మారగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న ‘వైటూకే’ భయంతో అంతకుముందు ఏడాదంతా మా ఆయన మెల్‌బోర్న్ ఆఫీసులోనే కాపురం పెట్టారు. తీరా చూస్తే ఏమీ ఆగలేదు, మా ఇంట్లో గోడ గడియారం తప్ప. తర్వాత ఆఫీసు పని మీద ఆయన్ని వియన్నా పంపితే నేనూ వెంటపడ్డాను. శని, ఆదివారాలు చూసుకుని రైలెక్కి బుడాపెస్ట్ చేరాం, రైస్ కుక్కరుతో, రెండు కిలోల సోనామసూరితో సహా. డాన్యూబ్‌ని చూడగానే "మా గోదావరి ఇంతకి ఎన్ని రెట్లో" అన్నాను. రాజమండ్రి వాళ్లం, ఇంకో నదిని ఊరికే మెచ్చుకోలేం. అయినా ఆ నది మీది వంతెనపై నిలబడి, ఏడాదిలో మొదటిసారి ఆయన వాచీ చూసుకోకుండా నాతో కబుర్లు చెప్పారు. నాకెంత హాయిగా ఉందో!

ఊళ్లో జేబుదొంగలున్నారు, జాగ్రత్త అని హోటల్ వాళ్లు చెప్పారు. మా అమ్మ నగలు బియ్యం డబ్బాలోనే దాచేది. దొంగ బియ్యం కొలవడానికి రాడు కదా అనేది. నేనూ పాస్‌పోర్టులు రెండూ కవర్లో చుట్టి బియ్యం సంచీ అడుగున పెట్టాను. నవ్వుతారని ఆయనకి చెప్పలేదు. రెండు పూటలు పైపైన గ్లాసుతో తీసి వండాక అడుగున ఏముందో నేనే మరిచిపోయాను. ఆదివారం గది ఖాళీ చేస్తూ, మిగిలిన బియ్యం చెత్తబుట్టలో వేస్తే పాపమన్న అమ్మ మాట గుర్తొచ్చి, గదులు ఊడ్చే పెద్దావిడ చేతిలో సంచీ పెట్టేశాను.

స్టేషన్లో ఆయన "పాస్‌పోర్టులేవీ?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, బియ్యం సంచీ అడుగున ఏముందో. మేము ఆస్ట్రేలియా తిరిగి వెళ్లడానికి కావలసిన వీసా స్టిక్కర్లు వాటిలోనే ఉన్నాయి. జరిగింది చెప్పాను. ఆయన పెట్టె మీద కూలబడి, "వైటూకే ప్రపంచాన్ని ముంచలేదు గానీ, నీ బియ్యం మన కొంప ముంచిందే" అన్నారు. రైలు వదిలేసి హోటల్‌కి పరిగెత్తాం. ఆవిడ పని ముగించుకుని నది అవతల ఇంటికి వెళ్లిపోయిందట, ఫోను లేదట. చిరునామా రాయించుకుని వంతెన ఎక్కామో లేదో, ఎదురుగా ఆవిడే వస్తోంది, రొప్పుతూ, చేతిలో మా కవరుతో. ఆవిడ మాట నాకు తెలియదు, నా మాట ఆవిడకు తెలియదు. బియ్యం గిన్నెలో పోసినట్టు చేతులతో చూపించి, కళ్లు పెద్దవి చేసి నవ్వింది. నేను ఆవిడని వాటేసుకుని భోరుమన్నాను. ఆయన కూడా కళ్లు తుడుచుకుని, "చెత్తలో వేసుంటే ఏమయ్యేది? మీ అమ్మ చెప్పిన పాపమే మనల్ని కాపాడింది" అన్నారు.

ఆవిడ పేరు అడగలేదు. తర్వాతి రైలు అందుకోవాలన్న తొందర. ఇన్నేళ్లలో ఎన్నో రైళ్లు అందాయి గానీ, పేరు అడగడానికి కావలసిన ఆ ఒక్క నిమిషం మాత్రం మళ్లీ దొరకలేదు.