తప్పు నాదే అన్న మెయిల్ అన్న

మంగళవారం పొద్దున పదిన్నరకు ఫోన్ వచ్చింది. మా ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసే అన్న పోయారని. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రం ఇద్దరం ఒకే లిఫ్టులో దిగాం. "రేపు నీ కొత్త లాప్‌టాప్ సెట్ చేస్త, జర జల్ది రా చెల్లే" అన్నారు. నేను త్వరగానే వచ్చి కూర్చున్నాను. ఆయన మాత్రం మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ కూలిపోయారట. దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. నలభై ఆరేళ్లు.

మాదాపూర్‌లోని మా ఆఫీసులో అందరికీ ఆయన మెయిల్ అన్న. మేం బయటికి పంపే ప్రతి మెయిలూ ఆయన చూసుకునే సర్వర్ మీదుగానే పోవాలి. ఎవరిదైనా ఆగిపోతే టీ కప్పుతో సహా వాళ్ల సీటు దగ్గరికే వచ్చేవారు. "పాస్‌వర్డ్ కొట్టు" అని, కొట్టడం అయ్యేదాకా కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. పక్కన ఎవరైనా తొంగి చూస్తే వాళ్లనూ భుజం పట్టి తిప్పేవారు.

నేను భీమవరం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో, ఒకరోజు నా పేరుతో వందలకొద్దీ దొంగ మెయిళ్లు కస్టమర్లకు వెళ్లిపోయాయి. మధ్యాహ్నానికల్లా బయటి సర్వర్లు మా కంపెనీ మెయిళ్లు వేటినీ తీసుకోవడం మానేశాయి. మేనేజర్ నన్ను గదిలోకి పిలిచారు.

"పాస్‌వర్డ్ ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదండి. ఒట్టండి."

రాజీనామా రాసిమ్మన్నారు. పెన్ను తీసుకుని కాగితం మీద తేదీ వేశాను. అప్పుడే మెయిల్ అన్న సర్వర్ రికార్డులు ప్రింటు తీసుకుని లోపలికి వచ్చారు.

"సార్, ఈ పిల్ల పాస్‌వర్డ్ ఎవ్వరు వాడలే. అసలు సర్వరే అడగలే."

"అడగకపోవడమేంటి?"

"పాత స్కానర్ కాయితాలు మెయిల్ చేస్తది గానీ దానికి లాగిన్ చేసుడు రాదు. దానికోసం ఆఫీసు లోపలి మిషన్లన్నిటికీ పాస్‌వర్డ్ లేకున్నా మెయిల్ పోయేటట్టు పెట్టిన. మళ్ల తీసేసుడు మర్చిపోయిన. రిసెప్షన్ కంప్యూటర్‌కు వైరస్ పట్టి, గీ పిల్ల పేరు పెట్టి పంపింది. తప్పు నాదే సార్. రాసిచ్చుడైతే నేను రాసిస్త."

ఆ రికార్డులు చదవడం ఆఫీసులో ఇంకెవరికీ రాదు. ఆయన ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నా ఉద్యోగం నిలిచింది. ఆ ఏడాది ఆయనకు రావాల్సిన పదోన్నతి ఇంకొకరికి వెళ్లింది.

కృతజ్ఞతలు చెప్పబోతే కసురుకున్నారు. "పేరు ఎవడన్న పెట్టుకుంటడు చెల్లే. నువ్వెవరని అడుగుడు నా పని. నేను అడగలే. ఇగ నాకేం థాంక్స్?"

మంగళవారం సాయంత్రం చందానగర్‌లోని ఆయన ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మ గోడకు ఆనుకుని, కొడుకు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సర్వర్‌లో మెయిళ్లు ఆగితే తనకు తెలిసేలా ఆయన ఆ ఫోన్‌లో అలారం పెట్టుకున్నారు. అది మోగుతూనే ఉంది.

"ఆఫీసోళ్లు పిలుస్తున్నరు బిడ్డా" అంది నాతో. "వాడు ఇగ రాడని జర నువ్వన్న చెప్పు."

ఫోన్ మళ్లీ మోగింది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని కాసేపు విన్నది. కొంగుతో దాని అద్దం తుడిచి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.