పంతొమ్మిది దగ్గర నిలవాల్సిన పెట్టె

వాయుపుత్రుడికి ముందుగా నమస్కారం. ఎంత పెద్ద పని చేసినా అది తన స్వామి పనేనని చెప్పి చేతులు జోడించి నిలబడ్డవాడు ఆయన. నా చేతులతో జరిగిన మంచి ఏదైనా ఉంటే అది ఆయనది. చెయ్యకుండా వదిలేసిన ఒక పని గురించి ఇప్పుడు రాస్తున్నాను. అది మాత్రం పూర్తిగా నాది.

నేను రాయపూర్‌లో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గుఢియారీలో పట్టాలకు దగ్గరగా మా ఇల్లు, ఇంటి ముందు గదిలోనే దుకాణం. నా బడి చదువంతా హిందీలో సాగింది. తెలుగు మాత్రం రైల్వే కాలనీ భజన మండలిలో నేర్చుకున్నాను. పారాయణ పుస్తకంలో అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంటే, తప్పు పోయినప్పుడల్లా పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు మొట్టికాయ వేసేవారు.

శంకర్ నగర్‌లో ఉండే ఒక పెద్దాయన ఏసీ రిపేరు వల్ల పరిచయమయ్యారు. గోదావరి జిల్లా మనిషి. ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయింది, కూతురు పూణేలో ఉంటుంది. ఏసీ పని అయ్యాక ఆయన నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి అద్దం తలుపున్న చిన్న పెట్టె ఒకటి చూపించారు. వైన్ కూలర్. నా ముఖం మారడం ఆయన కనిపెట్టారు.

"మందు కాదులేవయ్యా. చుట్టలు," అన్నారు. "రిటైరైన రోజు ఒక కాంట్రాక్టరు దీన్ని తెచ్చిచ్చాడు. మందు అలవాటు లేదు. చుట్టలు దాచుకోవడానికి పనికొస్తుందని చదివాను. నువ్వు దీన్ని పంతొమ్మిది డిగ్రీల దగ్గర నిలబెట్టగలవా, అది చెప్పు."

"ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా సార్?"

"ఫ్రిజ్ చలికి ఆకు ఎండిపోయి చిట్లుతుంది. వేడెక్కితే ఇంకా ఘోరం. పొగాకులో పురుగు గుడ్లు ఎప్పుడూ ఉంటాయి. పాతిక దాటి కొన్నాళ్ళు ఉందంటే పొదుగుతాయి. అటూ ఇటూ కాని చోట ఉంచాలి. మనిషిని ఉంచినట్టే."

మా మండలిలో పొగాకు ముట్టనని మాట ఇచ్చినవాణ్ణి నేను. అయినా పని పని కాబట్టి చేశాను. ఆ పెట్టెలో కంప్రెసర్ ఉండదు. కరెంటు పారితే ఒకవైపు చల్లబడి, రెండోవైపు వేడెక్కే పలక ఒకటి ఉంటుంది. ఆ వేడిని వెనక చిన్న ఫ్యాను బయటికి తోసేస్తుంది. బయట ఎండ ఎంత ఉంటే దానికి పదిహేను, ఇరవై డిగ్రీల కంటే ఎక్కువ తగ్గించలేదు. మన రాయపూర్ మే నెలకు అది చాలదు. అందుకని పెట్టెను నీళ్ళు పోసి తిప్పే డెజర్ట్ కూలరుండే గదిలోకి, గోడకు జానెడు దూరంగా జరిపాను. లోపల సొంత థర్మోస్టాట్‌ను పక్కనపెట్టి బయట వేరేది బిగించి, దాని తీగ కొనను చుట్టల మధ్యలో పెట్టాను. అడుగున నీళ్ళు పోయే రంధ్రం మూసి, ఆకు ఎండిపోకుండా తడి స్పాంజి ఉన్న గిన్నె ఒకటి ఉంచాను. సాయంత్రానికి అంకె పంతొమ్మిది దగ్గర ఆగింది. పెద్దాయన కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చుని చాలాసేపు చూశారు. ఇంజనీర్లు అంతే, అంకె నిలబడితే వాళ్ళకు అదే పండుగ.

రెండేళ్ళు అది బాగానే నడిచింది. మూడో ఏడాది ఫాల్గుణంలో ఆయన నన్ను ప్రత్యేకంగా పిలిచారు. కూలర్లో పాత చుట్టలు లేవు. ఒకటే చెక్కపెట్టె ఉంది.

"మా తమ్ముడు పంపాడు," అన్నారు.

అన్నదమ్ములిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవట. వాళ్ళ నాన్నగారు పోయిన రోజు కర్మాగారంలో కొలిమి ఆపే పని నడుస్తోంది. ఈయన బయలుదేరేసరికి ఆలస్యమైంది. వెళ్ళేటప్పటికి తమ్ముడే తలకొరివి పెట్టేశాడు. "అన్న కోసం చూసి చూసి కట్టెలు వెలిగించాను" అన్నాడట, అంతే. ఆ మాట మీదే పదకొండేళ్ళు గడిచాయి. ఇప్పుడు తమ్ముడికి గుండె ఆపరేషన్ అయి మనసు మెత్తబడింది. ఆషాఢంలో నాన్నగారి తిథికి రాయపూర్ వస్తానని, ఇద్దరం కలిసి పెడదామని కబురు చేశాడు. కబురుతో పాటు ఈ పెట్టె పంపాడు. వాళ్ళ నాన్నగారికి జీవితమంతా చుట్టలు చుట్టిచ్చిన మనిషి చివరగా చుట్టినవి. ఆ మనిషి కూడా పోయాడు. తిథి అయ్యాక సాయంత్రం అన్నదమ్ములు అరుగు మీద కూర్చుని తలా ఒకటి కాల్చుకోవాలని ఒప్పందం.

"వాడికి డాక్టరు ఒద్దన్నాడు. ఒక్కటే అంటాడు," అని నవ్వారు పెద్దాయన. "నాలుగు నెలలు కాపాడాలయ్యా. ఎండాకాలం మధ్యలో ఉంది. నీదే పూచీ."

"నాదే సార్," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

చైత్ర పౌర్ణమికి ఏటా వేసినట్టే ఆంజనేయ దీక్ష మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు. నేల మీద పడక, చన్నీళ్ళ స్నానం, పాదాలకు చెప్పులుండవు. మాల మెడలో ఉన్నన్నాళ్ళు అందరూ మమ్మల్ని స్వామీ అనే పిలుస్తారు, కట్టుకున్న భార్యతో సహా. ఇంకో పద్దెనిమిది రోజులు మిగిలున్నాయనగా పెద్దాయన ఫోను చేశారు.

"అంకె ఇరవై ఏడు చూపిస్తోందయ్యా. నిన్న ఇరవై నాలుగు ఉండేది."

"సార్, నేను దీక్షలో ఉన్నాను. మాలతో ఆ పెట్టె దగ్గరికి రాలేను. పొగాకు..."

"అవునా. నాకు తెలీదు స్వామీ. మరి వేరే ఎవర్నైనా పంపుతావా?"

వేరేవాళ్ళకు ఆ తీగల బిగింపు అర్థం కాదు. నేను వేరేవాళ్ళను వెతకనూ లేదు. "థర్మోస్టాట్ పన్నెండుకి తగ్గించండి సార్, లాగేస్తుంది," అన్నాను. చూడకుండా చెప్పిన వైద్యం.

మా ఆవిడ ఇదంతా వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏటి స్వామీ, ముసలాయన పిలుస్తుంటే ఎల్లవా?"

"చుట్టల పెట్టె ముట్టుకోమంటావా మాలతో?"

"మీ అమ్మ పొద్దస్తమానం అడ్డపొగ పీల్చేది. నిప్పు నోట్లో ఎట్టుకునే నీకు అన్నం కలిపి పెట్టింది. అప్పుడు వద్దన్నావేటి? బస్, మాల ఏసుకుంటే చాలు, నఖ్రాలు మొదలు."

దీక్షలో కోపం కూడదు కాబట్టి లేచి పూజ దగ్గరికి వెళ్ళాను.

ఇంకో రెండుసార్లు ఫోను వచ్చింది. రెండోసారి ఆయన ఇరవై తొమ్మిది అన్నారు. మాల తీయగానే వస్తానన్నాను. "పర్లేదు స్వామీ, దీక్ష ముఖ్యం," అన్నారు. ఇప్పటికీ ఆ మాట నాకు మందలింపులా వినిపిస్తుంది. ఆయన అలా అనలేదు.

హనుమజ్జయంతి మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. కూలరును తిప్పి చూస్తే వెనక ఫ్యాను దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంది. మామూలు పెయింటు బ్రష్షుతో పది నిమిషాల పని. ఫ్యాను తిరగకపోతే పలక వేడి బయటికి పోదు. నేను పన్నెండుకి తగ్గించమన్నాక అది ఆగకుండా పనిచేసి, ఆ వేడంతా పెట్టెలోకే చేరింది. నా సలహా చల్లబరచకపోగా ఇంకా వేడెక్కించింది.

ఫ్యాను తిరిగింది. మధ్యాహ్నానికి అంకె పంతొమ్మిదికి దిగింది. పెద్దాయన వంటింట్లో నాకోసం మజ్జిగ కలుపుతున్నారు. అప్పుడు చూశాను, చెక్కపెట్టె కింద, అరమీద, కాఫీ పొడిలాంటి సన్నటి గోధుమరంగు పొడి. అది పురుగు తొలిచిన పొగాకు పొడి అని నాకు తెలుసు. ఆయనే నేర్పారు. వెంటనే చెబితే, పాడుకాని వాటిని కవర్లో చుట్టి నా దుకాణంలో డీప్ ఫ్రీజర్లో కొన్నాళ్ళు ఉంచితే, పురుగు చచ్చి సగమైనా మిగిలేవి. ఆ ఉపాయమూ ఆయన చెప్పిందే. నేను జేబులో గుడ్డ తీసి ఆ పొడి తుడిచేశాను. చెక్కపొడి అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మజ్జిగ తాగి వచ్చేశాను. మొదటిసారి తప్పు చేసినప్పుడు నా మెడలో మాల ఉంది. రెండోసారికి ఆ సాకు కూడా లేదు.

ఆషాఢంలో తమ్ముడుగారు వచ్చారు. తిథికి నన్ను భోజనానికి పిలిచారు పెద్దాయన. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పిండాలు పెట్టారు. పురోహితుడు ముందు ఎవరని అడిగితే ఒకరినొకరు "నువ్వు పెట్టు" అని నెట్టుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకాలానికి ఆ ఇంట్లో జరగవలసింది జరుగుతోందనుకున్నాను. పెట్టె సంగతి తలచుకోకుండా ఉండాలని భోజనం దగ్గర ఎక్కువ మాట్లాడాను.

ఆ సాయంత్రం వాన వెలిశాక, నేనింకా అక్కడే ఉండగా, పెద్దాయన పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టారు. తమ్ముడుగారు మూత తీసి ఒక చుట్ట చేతికి తీసుకుని, చెవి దగ్గర పెట్టి వేళ్ళతో నొక్కారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నారు. పైనుంచి కిందిదాకా గుండుసూదితో గుచ్చినట్టు బెజ్జాలు. ఊదితే పొడి రాలింది. ఇంకొకటి తీశారు. ఇంకొకటి. ఇరవై ఐదూ చూశారు, చివరిదాకా.

"నాన్న కోసమూ టైముకి రాలేదు," అన్నారు తమ్ముడుగారు, గొంతు పెంచకుండానే. "నాన్నవి ఇవి నాలుగు నెలలు దాచమన్నాను. అదీ నీవల్ల కాలేదా అన్నయ్యా?"

"పొరపాటు నాదేరా. ఎండల్లో చూసుకోలేకపోయాను," అన్నారు పెద్దాయన.

అప్పుడాయన నావైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా చెప్పేవాణ్ణేమో. చూడలేదు కాబట్టి చెప్పలేదు. మర్నాడు ఉదయం బండికే తమ్ముడుగారు వెళ్ళిపోయారు. నాలుగు రోజులుందామని వచ్చిన మనిషి.

ఆ శనివారం మండలిలో గురుస్వామికి అంతా చెప్పాను. ఆయన రైల్వేలో గార్డుగా చేసిన మనిషి, మాట పొదుపు. "దీక్షలో రోజూ ఏం పారాయణ చేశావు?" అని అడిగారు. చెప్పాను. "సీతమ్మను వెతుకుతూ స్వామి రావణుడి పానశాలలోకి వెళ్ళలేదూ? ఒలికిన మద్యం మధ్యన నడవలేదూ? మత్తులో నిద్రపోతున్న పరస్త్రీలను చూడడం తప్పేమో అనుకుని ఆగి, నా మనసు కదల్లేదు కదా, వెతకాల్సిన చోటే వెతకాలి కదా అనుకుని ముందుకెళ్ళలేదూ?" తల ఊపాను. ఫోను వచ్చిన వారంలోనే ఆ సర్గ గొంతెత్తి చదివాను. "నోటితో చదివావు," అన్నారాయన.

మర్నాడే పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఫ్యాను సంగతీ, పొడి సంగతీ రెండూ చెప్పాను. ఆయన ఖాళీ కూలరు తలుపు తీసి మళ్ళీ మూశారు.

"ఆ రోజు అన్నం దగ్గర అన్ని కబుర్లు చెప్పినవాడివి, పెట్టె తెరిచాక నోరు మెదపలేదు. అప్పుడే అనుకున్నా," అన్నారు.

"తమ్ముడుగారికి ఫోను చేసి నేనే చెప్తాను సార్."

"ఇప్పుడు నువ్వు చెప్తే, నేనే చెప్పించాననుకుంటాడు. ఊరుకో. వచ్చే తిథికి వస్తాడేమో చూద్దాం."

తమ్ముడుగారు రాలేదు. ఇంకో తిథి రాకముందే పెద్దాయన పోయారు. అప్పుడు వచ్చారు తమ్ముడుగారు. కొడుకుల్లేరు కాబట్టి అన్నకు కూడా ఆయనే కొరివి పెట్టారు. పదో రోజున, కర్మ అయ్యాక, చెయ్యి కడుక్కుంటున్న ఆయన దగ్గరికి వెళ్ళి జరిగింది మొత్తం చెప్పాను. ఆయన నీళ్ళ చెంబు కింద పెట్టి పూర్తిగా విన్నారు.

"మా అన్నయ్య తనదే పొరపాటన్నాడు కదా," అన్నారు.

"నన్ను కాపాడడానికి సార్."

"ఇప్పుడా చెప్పడం," అన్నారు. తిట్టలేదు. తువ్వాలుతో ముఖం కప్పుకుని అలాగే కూర్చుండిపోయారు.

కూలరును కూతురు నాకే ఇచ్చేసింది. అది ఇప్పుడు మండలి గదిలో ఉంది. శనివారానికి కట్టిన తమలపాకుల దండలు అందులో వాడిపోకుండా ఉంటాయి. వెనక ఫ్యానును నెలకోసారి నేనే బ్రష్షుతో తుడుస్తాను. అందులో ఒకప్పుడు ఏముండేదో మా వాళ్ళలో చాలామందికి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది, తెలియనివ్వండి. మాల ఇప్పటికీ ఏటా వేసుకుంటాను. మాలతోనే, ఎవరు పిలిస్తే వాళ్ళ ఇంటికి, ఏ పెట్టె దగ్గరికైనా వెళ్తున్నాను.

చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతోపాటు చేతులు జోడించండి. ఆ అన్నకు సద్గతి కలగాలని, గోదావరి ఒడ్డున మిగిలిన ఆ తమ్ముడి మనసులో అన్న మీద చివరి మాట చేదుగా ఉండిపోకూడదని స్వామిని అడుగుదాం. పిలుపు విన్న వెంటనే లేచి వెళ్ళే కాళ్ళను నాకూ, మీకూ ఇవ్వమని అడుగుదాం.