‘బడును’ అనే పెద్దమనిషి

ఆ సర్కారు ఆఫీసులో ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. ఒకప్పుడు బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన గొంతు అది. ఇప్పుడు కొత్త నిబంధనల ముసాయిదాలను జనం ముందు పైకి చదవడం ఆవిడ ఉద్యోగం. చదవడమే, అర్థం చెప్పడం కాదు. ఆ మాట కాస్త గర్వంగానే చెప్పుకునేది.

సర్కారువారి భాషలో ఓ తమాషా ఉంది. పనులన్నీ వాటంతటవే అయిపోతుంటాయి. చర్య తీసుకొనబడును, పరిశీలించబడును. చేసే మనిషి మాత్రం మచ్చుకైనా కనిపించడు. మైకమ్మ మొగుడికి ఈ వాటం భలే నచ్చేసింది. సింకు నిండా పడి ఉన్న అంట్లు చూపించి “ఎవరు తోముతారండీ?” అని అడిగితే, పేపరు దించకుండా “తోమబడును” అనేవాడు. నవ్వొచ్చేది. అంట్లు మాత్రం అలాగే ఉండేవి.

ఇంతలో కార్బన్ ముసాయిదా వచ్చిపడింది. సిమెంటు ఫ్యాక్టరీ తన పొగలోని కార్బన్ డయాక్సైడును గాలిలోకి వదలకుండా పట్టి, గొట్టాల్లో తెచ్చి, ఊరి చివర గుట్టల దగ్గర బావి తవ్వి, లోతైన రాతిపొరల్లోకి దించుతుందట. ఆ గుట్టల పక్కనే మైకమ్మ సొంత అక్క మొక్కల నర్సరీ నడుపుతోంది.

అక్కకి ఆ పని మీద కోపమేమీ లేదు. “ఎండలు తగ్గుతాయంటే దించుకోమనవే, నాకేం? కానీ కంపెనీ మూటాముల్లే సర్దుకుపోయాక అది పైకి తన్నుకొస్తే నేనెవరి తలుపు కొట్టాలి?” అని చెల్లెల్ని అడిగింది.

“నాకేం తెలుసక్కా, నేను చదివేదాన్నే. నువ్వు సభకొచ్చి రచ్చ చేసి నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు.”

అంతే, అక్కకి చిర్రెత్తుకొచ్చింది. “తోడబుట్టినదానివని అడిగాను చూడు, నాకు బుద్ధి లేదు!” అని విసురుగా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోను లేదు, రాకపోకలు లేవు. మైకమ్మకి ఏ పని చేస్తున్నా ప్రాణం ఉసూరుమంటూ ఉండేది. అక్క తనతో ఇంకెప్పటికీ మాట్లాడదేమోనని దిగులు.

సభ రోజు హాలు కిక్కిరిసింది. అక్క ముందు వరసలోనే కూర్చుంది కానీ చెల్లెలి వంక చూడలేదు. మైకమ్మ గొంతు సవరించుకుని చదువుతూ పోయింది. “బావి మూసివేసిన పిమ్మట వాయువు లీకేజీ నిరంతరము పర్యవేక్షించబడును.”

అక్క లేచింది. “ఎవరు పర్యవేక్షిస్తారు?”

“మళ్ళీ చదవండమ్మా,” అన్నారు సభ నడిపిస్తున్న ఆఫీసు డైరెక్టరుగారు. మైకమ్మ చదివింది.

“అదే, ఎవరు?” అంది అక్క. మళ్ళీ చదవమన్నారు.

ఈసారి ‘బడును’ దగ్గరికి వచ్చేసరికి సింకులోని అంట్లు కళ్ళముందు మెదిలాయి. భయం వేసింది కూడా, అబద్ధమెందుకు! అయినా మైకులోనే అనేసింది. “ఎన్నిసార్లు చదివినా ఇందులో మనిషి లేడు సార్. మా ఇంట్లో అంట్లు కూడా ఇలాగే తోమబడుతుంటాయి.”

హాలంతా గొల్లుమంది. డైరెక్టరుగారి ముఖం ముందు కందగడ్డ అయింది, ఆనక ఆయనకీ నవ్వు ఆగలేదు. “నిజమేలెండి, జారుకునేలాగే రాశాం,” అని ఆ వాక్యం వెనక్కి తీసుకున్నారు.

తర్వాతి సభలో, తిరగరాసిన ముసాయిదానూ మైకమ్మే చదివింది. బావి మూశాక కూడా కంపెనీయే కాపలా కాయాలి. అందుకు కావలసిన సొమ్ము ముందే కట్టాలి. కంపెనీ లేకుండా పోతే ఈ కార్యాలయం చూసుకుంటుంది.

ఆ సాయంత్రం అక్క గుమ్మంలో ప్రత్యక్షమైంది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సింకు చూసి, “ఇంకా తోమబడలేదా?” అంది. మైకమ్మ మొగుడు పేపరు చాటుకు నక్కాడు.

“కార్యాలయం చూసుకుంటుందన్నావు, సరే. నేనొచ్చి తలుపు కొడితే పలికేదెవరే?”

“నేనక్కా. నేనున్నన్నాళ్ళూ నేనే పలుకుతాను.”

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆ ముక్క ఆ రోజే అని ఉంటే ఇన్నాళ్ళు అలిగి చచ్చేదాన్నా!” అంటూ చెల్లెలి చెంప నిమిరింది.

ముందుగదిలో పేపరు మడిచిన చప్పుడైంది. “కాస్త జరగండి,” అన్నాడు మైకమ్మ మొగుడు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. “నేను తోముతాను.”