నాది కాని గొంతు

తల నెరిసేదాకా సినిమాల్లో చిన్న వేషాలు వేశాను. కానిస్టేబులు, హీరోయిన్ మేనమామ, పంచాయితీలో వెనక నిలబడే పెద్దమనిషి. ఒక్కదాంట్లోనూ నా గొంతు లేదు. షూటింగులో మాట్లాడేది నేనే. తర్వాత డబ్బింగులో ఆ మాటలు ఇంకెవరో చెప్పేవారు.

"మీ పుంగనూరు యాస కామెడీకైతే సరే, ఏడుపు సీనుకు పనికిరాదు" అని మొదటి సినిమా దర్శకుడు యూనిట్ అందరి ముందూ అన్నాడు. అప్పుడాయన ఇడ్లీ తింటున్నాడు. నేను మరిచిపోలేదు. పుంగనూరులో చావు ఇళ్లల్లో జనం ఏ యాసలో ఏడుస్తారనుకున్నాడో మరి.

అమ్మ మేకలు కాసి నన్ను పెంచింది. చూపు పోయాక కుప్పంలో అక్క దగ్గర ఉండేది. టీవీలో నా సినిమా వస్తే అక్క చెప్పేది, "అదోమా, తమ్ముడు మాట్లాడతాండాడు" అని.

"పోమ్మే. నా కొడుకు గొంతు నాకు తెలీదా? వాడు గాదు."

ఒక్క సినిమాలోనైనా అమ్మ నా గొంతు వినాలి. అంతకు మించి నేనేమీ కోరుకోలేదు.

చివరికి మదనపల్లె పక్కన తీసిన ఒక సినిమాలో, కొడుకు చనిపోయిన రైతు వేషం వచ్చింది. నా మాటలు నేనే చెప్పుకుంటేనే చేస్తానని పట్టుబట్టాను. కుర్ర దర్శకుడు ఒప్పుకున్నాడు. డబ్బింగ్ కూడా చెప్పి వచ్చాను. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. సినిమా విడుదలయ్యాక కుప్పం వెళ్లి, ఆమెనూ అక్కనూ ఆటోలో థియేటరుకు తీసుకుపోయాను.

ఆ సీను వచ్చింది. తెర మీద నా పెదవులు కదిలాయి. వినిపించింది మాత్రం ఎవరిదో నున్నటి గొంతు. మార్చినట్టు నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుని, ముందుకు వంగి ఆఖరుదాకా వింటూనే ఉంది. జనం లేచారు.

"నువ్వు ఎప్పుడొస్తావు నాయినా?"

"అయిపోయిందిమా."

"అదేంది! నువ్వు మాట్లాడనే లేదే. మూగోని ఏసమా?"

అక్క ఏదో చెప్పబోయింది. నేను ఆమె చెయ్యి నొక్కాను. "అవునుమా" అన్నాను.

"దానికేమి, మాట లేకుండా సేసేది ఇంగా కష్టం గదప్పా" అంది అమ్మ, నన్ను ఓదార్చడానికి.

మర్నాడు దర్శకుడికి ఫోన్ చేశాను. "జనానికి అర్థం కాదని మార్చాం సార్, చిన్న విషయం" అన్నాడు. తర్వాత ఒక పెళ్లిలో ఎదురుపడి నమస్కారం పెట్టాడు. నేను పెట్టలేదు.

వేషాలు మానేసి మదనపల్లెలో ఇల్లు తీసుకుని కథలు రాయడం మొదలుపెట్టాను. నా కథల్లో మనుషులు మా ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. మాటలు మార్చమన్న సంపాదకుడి దగ్గర్నుంచి కథ వెనక్కి తెచ్చుకున్నాను. అమ్మకు చదివి వినిపిద్దామని మొదటి పుస్తకం కోసం ఎదురుచూశాను. అది అచ్చయ్యేలోపే అమ్మ పోయింది.

కుప్పంలో శవం పక్కన కూర్చుని ఉంటే, ఎదురింటి ఆమె వచ్చి నా పక్కన కూలబడింది.

"నువ్వేనా అప్పా కొడుకువి? మూగోని ఏసం నీ మాదిరి ఎవురూ కట్టలేరంట గదా. వీదంతా సెప్పుకుంటా ఉన్నింది మీయమ్మ."

నా గురించి తప్పుగా అన్న ప్రతి మాటకూ ఎదురు తిరిగినవాణ్ని. ఆమెకు మాత్రం అవునని తల ఊపాను.