చూపు కలిసేదాకా

పెద్దవాళ్ళకు వీధుల్లో సైకిలు తొక్కడం నేర్పడానికి నగరపాలక సంస్థ పెట్టుకున్న మనిషిని అందరూ సైకిలు మాస్టారనేవారు. ధైర్యాన్ని నేర్పవచ్చునని ఆయన నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. కొంతే నిజమైన నమ్మకాలు మనిషిని చాలా దూరం లాక్కుపోతాయి.

ఆయన పాఠమంతా ఒకే సూత్రం. పక్కకు జరగాలంటే వెనుదిరిగి చూడాలి. వెనక బండి నడిపేవాడి చూపు మన చూపుతో కలిసేదాకా జరగకూడదు. "వాడికి కనపడాల్సింది సైకిలు కాదు, మనిషి" అనేవారు. మైదానంలో తానే ఒక డొక్కు వ్యాను నడుపుతూ శిష్యుల వెంటపడేవారు. చూడకుండా మళ్ళినవారి చెవులు హారను మోతకు చిల్లులు పడేవి.

సైకిళ్ళకు వేరే దారి అన్న మాట ఆయనకు గిట్టేది కాదు. వంతెన మీద అలాంటి దారి వేయడం గురించి సంస్థ సభ పెట్టినప్పుడు, "అడ్డుగోడ చాటున తొక్కినవాడు ఆ గోడ అయిపోయినచోట ఏం చేస్తాడండీ?" అని అడిగి చప్పట్లు కొట్టించుకున్నారు. దారి మాట అటకెక్కింది.

ఆయన చెల్లెలు వంతెనకు అవతల రొట్టెల బట్టీలో పనిచేసేది. అన్న శిష్యుల్లో ఆమెంత శ్రద్ధగా నేర్చుకున్నవారు లేరు. ఒక ఉదయం వంతెన మీద, ముందు పోతున్న వ్యానును దాటడానికి వెనుదిరిగి చూసింది. వెనక లారీ అద్దం మీద ఎండ మెరుస్తోంది. లోపలి మనిషి కళ్ళు కనపడలేదు. కనపడేదాకా చూస్తూనే ఉంది. ఈలోగా ముందున్న వ్యాను ఆగిపోయింది, ఆమె వెళ్ళి దాన్ని గుద్దుకుంది. పాఠం సగమే విన్నవాడైతే ఓరకంట చూసి తప్పుకునేవాడు. ఆమె మొత్తం విన్నది.

"కళ్ళు కనపళ్ళేదన్నయ్యా, వెతుకుతూనే ఉన్నా" అంది, ఆస్పత్రి మంచం మీంచి.

"ముందు చూసుకోవద్దూ?"

"అది నువ్వు చెప్పలేదుగా!" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఎముకలు అతుక్కున్నాయి గానీ మెడ మాత్రం ఇక పూర్తిగా తిరగదన్నారు. అలాంటి మెడతో ఆమె మళ్ళీ అదే వంతెన ఎక్కాలి. ఆయన రోడ్ల ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, ఆ దారి వేయమని బతిమాలారు.

"మాస్టారూ, మీ మాట చూపించేగా దారి అక్కర్లేదని పైవాళ్ళని ఒప్పించాం! ఇప్పుడు కాదంటే మా మొహాలెక్కడ పెట్టుకోవాలి?"

"తప్పు చెప్పానని సభలో నేనే ఒప్పుకుంటానండీ."

"తప్పేముంది? అమ్మాయికి ఇంకాస్త శిక్షణ ఉంటే సరిపోయేది. అందుకే ఆదివారాలు కూడా క్లాసులు పెడుతున్నాం. మీరే పెద్ద మాస్టారు!"

"దాని మెడ తిరగదండీ."

"అయితే బస్సులో వెళ్ళమనండి."

"ఆ వేళకి ఉన్న ఒక్క బస్సునీ మీరేగా తీసేశారు!"

ఇంజనీరు ఫోను అందుకుని, లేని పనిని వెతుక్కున్నాడు. సంజాయిషీ కన్నా పదవి ఇవ్వడం సంస్థలకు సులువు. ఆయన ఆ పదవి తీసుకోలేదు. దానికి మనుషులు కరువు కాలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడే ఒకడు చేరి, ఆ పాఠాన్నే పొల్లుపోకుండా చెప్పసాగాడు.

చెల్లెలు పనిలోకి వెళ్ళిన మొదటిరోజు నుంచీ మాస్టారు ఆమె వెనకే సైకిలు తొక్కుతున్నారు. ఆమె చూడలేని దిక్కును తాను చూస్తూ, "ఆగు", "పో" అని అరుస్తుంటారు.

"ఎన్నాళ్ళిలా నా తోకలా వస్తావు?" అని అడిగింది ఒకరోజు.

"దారి వేసేదాకా."

"అప్పటికి నువ్వు ముసలాడివైపోతావు. మరి నీ వెనక ఎవరొస్తారన్నయ్యా?"

ఆయన వెనక్కి చూసి, "పో" అని అరిచారు. వంతెన ఎత్తు మొదలైంది. ఇద్దరూ సీట్ల మీంచి లేచి తొక్కసాగారు.